దూడ వాటా

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం చదివాను. పాలూ కావాలి, సంకర దూడలు ఎదిగి మంచి తూకమూ రావాలంటున్నావు. రెండూ అవుతాయమ్మా. కాకపోతే దూడ తాగిందల్లా నష్టమే అన్న లెక్క ముందు మానుకో.

సంకర ఆవుల్లో నాటు రక్తం ఎక్కువుంటే, దూడ పొదుగు కుమ్మనిదే చాలావాటికి చేపు రాదు, అంటే పాలు చన్నుల్లోకి దిగవు. పితికే ముందు దూడను నిమిషం, రెండు నిమిషాలు వదులు. చేపు రాగానే లాగి, తల్లి నాకడానికి అందేలా దాని ముందు కట్టెయ్యి. పితికాక మళ్లీ అరగంట వదలాలి. మొదటి రెండు నెలలు ఒక చన్ను ముట్టుకోకుండా దూడకే ఉంచు, తర్వాత పొదుగులో మిగిలినవి చాలు. ఆ చివరి పాలల్లోనే వెన్న ఎక్కువ. పొదుగు ఖాళీ అయితే పొదుగువాపు బెడదా తగ్గుతుంది.

పుట్టిన రెండు గంటల్లోపు ముర్రుపాలు పడాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు కనీసం 3 లీటర్లు. ఒక రోజు దాటితే రోగాన్ని అడ్డుకునే ఆ సత్తువను పేగులు పీల్చుకోవు. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ మరిచిపోకు.

ఇక ఒకే ఆవుకు రెండు మూడు దూడలను అప్పగించడం. నేనొకసారి నెల దూడలు రెండింటితో పాటు వారం దూడను కలిపాను. పెద్దవి నెట్టేస్తుంటే చిన్నది చన్ను అందక చిక్కి, మూడో వారంలో చనిపోయింది. ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. వయసులు దగ్గరగా ఉన్నవాటినే కలుపు. దూడకు రోజుకు 4 లీటర్ల చొప్పున లెక్కేసుకో. 8 లీటర్లిచ్చే ఆవుకు రెండే. ఆవు ఈనగానే తన దూడ ఒంటి తడిని పరాయి దూడకు పులుము, వాసన పట్టి దగ్గరికి తీసే అవకాశం ఎక్కువ. అయినా తంతే ఆవు మెడ కట్టి, పక్కన నిలబడి తాగించు. నాలుగైదు రోజులు ఓపిక పట్టాలి. పొదుగువాపు ఉన్న ఆవును మాత్రం ఈ పనికి పెట్టకు.

పగలూ రాత్రీ దూడ వెంటే ఉంటే ఆవు ఎదకు రావడం ఆలస్యమవుతుంది, బక్క ఆవైతే మరీను. అందుకే రెండు పూటలా వదిలి, మిగతా వేళ విడిగా కట్టడమే మేలు.

రెండో వారం నుంచే పిడికెడు దాణా, శుభ్రమైన నీళ్లు ముందుంచు. వరసగా మూడు రోజులు కిలో దాణా తింటే పాలు మాన్పించొచ్చు. కడుపులో పురుగులకు వేసే నట్టల మందు మోతాదు పశువైద్యుణ్ణి అడుగు.

నీ తొలిచూలు ఆవు ఈనేలోపు పాకలో ఒక మూల పొడిగా సిద్ధం చేసి, ఎండుగడ్డి పరిచి ఉంచు. పుట్టిన దూడ తూకం రాసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న