జత కలిపారు సరే, విడదీశారా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బ్లూటూత్ గోడే. ఒడిశాలోని రాయగడ, బరంపురం, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి... ఊరు మారుతోంది గానీ ఫిర్యాదు మారడం లేదు. పెయిరింగ్, అంటే జత కలపడం, ఎలా చేయాలో ఇక్కడ చెప్పను. అది అందరికీ వచ్చు, ఆ మాటకొస్తే అవసరానికి మించే వచ్చు.

ప్రశ్న (రాయగడ): మా వీధి రామమందిరంలో భజనకని చందాలేసుకుని బ్లూటూత్ స్పీకర్ కొన్నాం. మొన్న శనివారం సరిగ్గా హారతి వేళకి అందులోంచి ఎవరిదో డీజే పాట మొదలైంది. స్పీకర్ హ్యాక్ అయిందంటారా?

హ్యాకూ లేదు, పాడూ లేదు. మీ వీధి కుర్రాడెవరికో ఫోన్లో మీ స్పీకర్ పేరు కనపడింది, నొక్కాడు, కలిసిపోయింది. స్పీకర్‌కి తెర ఉండదు, అంకెల మీటలు ఉండవు. ఎవరు నువ్వు అని అడిగే దారే లేదు కాబట్టి వచ్చినవాడికల్లా సరేనంటుంది. ఈ పద్ధతికి బ్లూటూత్ ప్రమాణాల్లోనే ‘జస్ట్ వర్క్స్’ అని పేరు పెట్టారు. చవక స్పీకర్లలో ఇంకో దరిద్రం కూడా ఉంది. కలిసి ఉన్న ఫోను దూరమైతే చాలు, కొత్తవాళ్లెవరైనా వస్తారా అని తమంతట తామే పిలవడం మొదలుపెడతాయి. పాటలు పెట్టే ఆయన ఫోనొచ్చి మాట్లాడుకుంటూ వీధి చివరిదాకా వెళ్లి ఉంటారు, అంతే.

ఒక పాత ఫోను మందిరంలోనే ఉంచి దాన్నే కలిపి వదిలేయండి. ఒకటి పట్టుకుని ఉండగా చాలా స్పీకర్లు రెండోదాన్ని రానివ్వవు. వెనక ఆక్స్ కన్నం ఉంటే తీగ తగిలించడం ఇంకా మేలు. మళ్లీ కొనేటప్పుడు మాత్రం మీట నొక్కితే తప్ప పెయిరింగ్‌లోకి వెళ్లనిది చూసి కొనండి.

1994లో స్వీడన్‌లోని ఎరిక్‌సన్ ఇంజినీర్లు ఈ పని మొదలుపెట్టిందే ఫోనుకీ పక్క సామానుకీ మధ్య తీగ లేకుండా చేయడానికి. తీగ పోయింది, మంచిదే. కానీ తీగ ఉన్న రోజుల్లో ఎవరు దేనికి తగిలించారో గదిలో అందరికీ కనపడేది, పీకేస్తే తెగిందని తెలిసేది. ఇప్పుడు కలిసిందని చెప్పడానికి టింగుమని మోగుతుంది గానీ, ఇంకా కలిసే ఉందని గుర్తుచేసే నాథుడు లేడు.

ప్రశ్న (బరంపురం): సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. తెర మీద ఫోన్‌బుక్ తెరిస్తే పాత ఓనరు కాంటాక్టులన్నీ ఉన్నాయి. ‘చిట్టి పిన్ని వైజాగ్’, ‘గ్యాస్ అబ్బాయి’, ‘షుగర్ డాక్టర్’, ‘బ్యాంక్ మేనేజర్ కొత్తాయన’. ఏం చేయమంటారు?

చదవడం ఆపి తుడిచేయండి. కారు సెట్టింగుల్లో ఫ్యాక్టరీ రీసెట్ కొడితే మొత్తం పోతాయి. పాపం ఆ పెద్దమనిషి తన ఫోన్లో కారు పేరు తీసేసి, పనైపోయిందనుకుని ఉంటాడు. కాలేదు. ఫోన్లో తీసేస్తే ఫోను మరిచిపోతుంది. కారు దింపుకున్న నకలు కార్లోనే ఉంటుంది.

ఇది మీ ఒక్కరి కారు సంగతైతే ఇంత రాయను. నాకు దిగులు పుట్టించేది అద్దె బళ్ల వ్యవహారం. గుణుపురం నుంచో పర్లాకిమిడి నుంచో విశాఖ ఆసుపత్రికి కారు మాట్లాడుకుంటారు. ముందు సీట్లో కూర్చున్నాయన ఊరు దాటకముందే పాటల కోసం ఫోను కలిపేస్తాడు. కలిపేటప్పుడు ఫోను ఒక మాట అడుగుతుంది, కాంటాక్టులు, కాల్ హిస్టరీ చూడనివ్వమంటారా అని. పక్కన చిన్న గడి. పాట వినడానికి పిన్ని నంబరెందుకు? అయినా టిక్కు పెట్టేస్తారు, పెట్టకపోతే కలవదేమోనని భయం. టిక్కు లేకపోయినా పాట వస్తుంది. మెసేజ్‌లకి కూడా ఒప్పుకుంటే మరీ ప్రమాదం. కలిసి ఉన్నంతసేపూ మీకొచ్చే ఎస్సెమ్మెస్‌లు బండి తెర మీద కనపడొచ్చు, బ్యాంకు ఓటీపీ వచ్చేదీ ఆ ఎస్సెమ్మెస్‌లోనే. డ్రైవరు మంచివాడే కావచ్చు. రేపు ఆ బండి ఎవరి చేతికి పోతుందో ఆయనకీ తెలీదు, మీకూ తెలీదు.

దిగేముందు బండి తెర మీద డివైస్‌ల జాబితా తెరిపించి మీ ఫోను పేరు తీయించండి, తర్వాత మీ ఫోన్లో బండి పేరు తీసేయండి. రెండు వైపులా తీయాలి. ఆ జాబితాలో మీకన్నా ముందు ఎక్కినవాళ్ల ఫోన్లు ఎన్ని వేలాడుతున్నాయో కూడా చూడండి, సంగతి అర్థమవుతుంది. కలిపే బొమ్మని మొదటి తెర మీద పెట్టి, తీసేసే మీటని నాలుగు మెనూల అడుగున దాచిన డిజైనర్లు ఎప్పుడైనా అద్దె కారెక్కారా అని నా అనుమానం.

ప్రశ్న (గుణుపురం): మా నాన్నగారు బ్లూటూత్ బీపీ మిషన్ వాడతారు. ఫోన్లో బ్లూటూత్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. బ్యాటరీ తినేయదా? ఫోను ఆండ్రాయిడ్ 9.

బ్యాటరీకి ఢోకా లేదమ్మా. 2010లో వచ్చిన బ్లూటూత్ 4.0 వెర్షన్‌తో ‘లో ఎనర్జీ’ అని, తక్కువ కరెంటుతో నడిచే వేరే పద్ధతి మొదలైంది. బీపీ మిషన్ లాంటివి ఊరికే ఉండి, పంపాల్సిన నాలుగంకెలు పంపేసి మళ్లీ ఊరుకుంటాయి. తాళంచెవులకి తగిలించే ట్రాకర్ ట్యాగులు గుండీ సైజు బ్యాటరీ మీద ఏడాది దాకా నడుస్తున్నాయంటే ఆ పుణ్యమే.

మీరు కంగారు పడాల్సింది ఆ 9 అంకె చూసి. మార్క్ న్యూలిన్ అనే పరిశోధకుడు 2023 డిసెంబరులో ఒక లోపం బయటపెట్టాడు. దగ్గర్లో ఉన్నవాడు తన కంప్యూటర్ని బ్లూటూత్ కీబోర్డుగా చూపించి, మీ ఒప్పుకోలు లేకుండానే ఫోనుతో కలిసి, మీరు నొక్కినట్టే మీటలు నొక్కగలడు. ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ ఆన్‌లో ఉండటమే చాలు. 11 నుంచి 14 దాకా ఆ నెల అప్‌డేట్‌తో సరిదిద్దారు. 10, అంతకన్నా పాతవాటికి మందు లేదు. మిగతావాళ్లు ‘అబౌట్ ఫోన్’లో సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూసుకోండి, 2023 డిసెంబరు 5 గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. మీ నాన్నగారి ఫోన్లో బీపీ చూసినప్పుడే బ్లూటూత్ పెట్టి, అవగానే తీసేయండి. బస్టాండుల్లో, బరంపురం ఠాకురాణి యాత్ర లాంటి జనంలో అసలు వద్దు. బ్యాంకు యాప్ మరో ఫోనుకి మార్చండి. ఆరేళ్లు నిక్షేపంగా పనిచేసే ఫోను అమ్మి రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేసే కంపెనీలకి సిగ్గనేది ఉంటే ఈ సలహా రాసే పని నాకు పడేది కాదు.

ప్రశ్న (జయపురం): హెడ్‌ఫోన్స్‌లో పాట బ్రహ్మాండంగా ఉంటుంది. లాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాసు మొదలవగానే అందరి గొంతూ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటోంది.

మైకు వాడగానే బ్లూటూత్ పాటల దారి వదిలేసి ఫోన్ కాల్ దారిలోకి మారుతుంది. అక్కడ స్టీరియో ఉండదు, గొంతుకి దక్కే చోటూ తక్కువే. క్లాసు యాప్‌లో మైకుగా లాప్‌టాప్ సొంత మైకునే ఎంచుకోండి, హెడ్‌ఫోన్స్ వినడానికి ఉంచుకోండి. 2020లో ప్రకటించిన ‘ఎల్ఈ ఆడియో’ అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఈ తంటా తీరుస్తుంది గానీ లాప్‌టాప్‌లోనూ హెడ్‌ఫోన్స్‌లోనూ అది ఉండాలి.

ప్రశ్న (పర్లాకిమిడి): బరువు చూసుకునే మిషన్ యాప్ లొకేషన్ అడుగుతోంది. నా బరువుకీ నేనున్న చోటుకీ ఏం సంబంధం?

ఫోను పాతదైతే కొంత సంబంధం ఉంది. దుకాణాల్లో బిగించిన బ్లూటూత్ బీకన్లని, అంటే సిగ్నల్ పంపుతూ ఉండే చిన్న పరికరాల్ని బట్టి మీరెక్కడున్నారో కనిపెట్టొచ్చు. అందుకే ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా చుట్టుపక్కల సామాను వెతకాలంటే లొకేషన్ అనుమతి కావాల్సి వచ్చేది. 2021లో వచ్చిన 12లో ‘నియర్‌బై డివైసెస్’ అని విడిగా పెట్టారు. మీది 12 దాటాక కూడా లొకేషన్ ఇస్తేనే గానీ అంటోందంటే ఆ యాప్ రాసినవాళ్లకి బద్ధకమైనా ఉండాలి, ఆశైనా ఉండాలి.

అసలు ఆ మిషన్‌కి తెర ఉంది కదండీ, ఎక్కితే అంకె కనపడుతుంది. మధ్యలో యాప్ ఎందుకు? అకౌంటు, ఫోన్ నంబరు, పుట్టినరోజు ఎందుకు? బల్బుకో యాప్, ఫ్యానుకో యాప్, పళ్లు తోముకునే బ్రష్షుకో యాప్. మహేంద్రతనయ నదికి ఇవతల కొన్నా, అవతల పాతపట్నంలో కొన్నా ఇదే తంతు. నాలుగేళ్లకి కంపెనీ యాప్ ఎత్తేస్తే, నిక్షేపంగా ఉన్న సామాను అటక మీదికి పోతుంది.

ప్రశ్న (కోరాపుట్): కొట్లో బ్లూటూత్ బిల్లు ప్రింటర్ పెట్టాం. ఇంగ్లిష్ బాగానే వస్తోంది, తెలుగూ ఒడియా కొడితే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. పిన్ 0000 ఉంది, మార్చాలా?

చవక ప్రింటర్ల లోపల మన అక్షరాలు ఉండవు. బిల్లు యాప్‌లో ఇమేజ్ ప్రింట్ అని ఉంటే అది పెట్టండి, అక్షరాల్ని బొమ్మగా మార్చి పంపుతుంది. కాస్త నెమ్మదిస్తుంది, రెండు భాషలూ వస్తాయి. 0000, 1234 అందరికీ తెలిసిన పిన్‌లే, మార్చే వీలుంటే మార్చండి. చాలావాటిలో ఉండదు. అయినా ఇక్కడ పెద్దగా పోయేది లేదు, ఎవడైనా ఆకతాయి కలిస్తే ఒక కాగితం చుట్ట దండగ. రాత్రి కొట్టు మూసేటప్పుడు ప్రింటర్ స్విచ్చి కూడా కట్టేయండి.