ముందు ఆవు గురించి రాయి

అమ్మాయీ,

అమెరికాలోని ఇండియానాలో, అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తల్లి నాన్సీని పూడ్చిన శ్మశానం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. అంత పెద్ద వ్యాసంలో ఆవు ఎక్కడా లేదు. నాకు చిరాకు తెప్పించింది అదే, అందుకే ఇంత వెంటనే జవాబు రాస్తున్నాను.

నాన్సీ లింకన్ 1818 అక్టోబరు 5న చనిపోయింది. 34 ఏళ్ళు. నువ్వేమో "మృత్యువు కాటేసింది" అని దాటేశావు. కాటేసింది మృత్యువు కాదమ్మా, పాలు. లిటిల్ పిజియన్ క్రీక్ దగ్గర అడవి నరికి పొలాలు చేసుకుంటున్న ఆ కుటుంబాలకి పచ్చిక బీళ్ళు ఎక్కడివి? పశువుల్ని అడవిలోకే తోలేవాళ్ళు. అక్కడ చెట్ల నీడన వైట్ స్నేక్‌రూట్ అనే తెల్లపూల మొక్క పెరుగుతుంది. ఆవు దాన్ని మేస్తే విషం పాలలోకి దిగుతుంది. తాగినవాళ్ళకి నీరసం, వాంతులు, కొద్ది రోజుల్లో చావు. నాన్సీ కంటే ముందు ఆమెను పెంచిన స్పారో దంపతులు పోయారు. పొరుగింటి బ్రూనర్ ఇల్లాలూ ఆ జబ్బుతోనే పోయింది. అందరినీ పూడ్చింది ఆ ఒక్క దిబ్బ మీదే.

మన రైతుకి లేత జొన్న పిలకలు మేస్తే గొడ్డు చస్తుందని తెలుసు, తాతల కాలంలో చచ్చిన గొడ్లు నేర్పిన చదువు అది. వీళ్ళకి ఆ నేల కొత్త. దాన్ని తరతరాలుగా ఎరిగినవాళ్ళని వెళ్ళగొట్టాక వచ్చిన కుటుంబాలు, అడగడానికి పక్కన మనిషి లేడు. ఆ విషాన్ని విడదీసి ట్రెమెటాల్ అని పేరు పెట్టింది 1920ల చివర్లో. అంటే నాన్సీ పోయిన దాదాపు 110 ఏళ్ళకి! ఇంత కథ కాళ్ళ దగ్గర పెట్టుకుని నువ్వు "కాలగర్భం" గురించి రెండు పేజీలు రాశావు.

మనిషి దేంతో పోయిందో చెప్పకుండా సమాధి గురించి రాయకూడదు. ఈ మాట అని చాలామందికి చేదయ్యాను. మా వైపు పొలాల్లో కుటుంబాల సమాధులుంటాయి, వాటి మీద వయసులో ఉండగా ఒక వ్యాసం రాశాను. ఒకే ఇంట్లో వరసగా పోయినవాళ్ళు ఏ బావి నీళ్ళు తాగారో, వాంతులు, బేదులు ఎలా పట్టుకున్నాయో అంతా అడిగి రాశాను. సంపాదకుడు ఆ భాగం మొత్తం కోసేశాడు. పాఠకులు టిఫిన్ తింటూ చదువుతారట. కోసిన చోట "విధి ఆడిన వింత నాటకం" అని సొంతంగా ఒక ముక్క అతికించాడు. ఆ వాక్యాన్ని నాదనుకుని మెచ్చుకున్నవాళ్ళున్నారు, అది ఇంకా పెద్ద అవమానం. ఆ పత్రిక ఇప్పుడు లేదు. నాకేం బాధ లేదు. పత్రికలు పోయినా ఆ రోగం మాత్రం పోలేదు. ఇప్పుడు ఎవరు ఊరి గురించి రాసినా మూడో పేరాకల్లా కళ్ళు చెమర్చాల్సిందే.

శవపేటిక చేసిన ఘట్టం బాగుంది. తండ్రి పలకలు కోస్తుంటే తొమ్మిదేళ్ళ పిల్లాడు చెక్క మేకులు చెక్కాడని చెప్పుకుంటారు కదా, ఆ పిల్లాడిని అక్కడే ఉండనివ్వాల్సింది. వెంటనే "ఈ చేతులే రేపు దేశాన్ని..." అని మొదలుపెట్టావు. కొట్టెయ్. ఆ రోజు ఆ దిబ్బ మీద అధ్యక్షుడెవరూ లేడు.

నువ్వు ఫోటో తీసి పంపిన సమాధి రాయి 1879 నాటిది. సౌత్ బెండ్‌లో బళ్ళు తయారుచేసే స్టూడ్‌బేకర్ కుటుంబంలో ఒకాయన వేయించాడు. కొడుకు లింకన్ 1844లో ఎన్నికల ప్రసంగాలకి ఆ వైపు వచ్చాడు, 1861లో వైట్‌హౌస్‌కి వెళ్ళాడు. రాయి మాత్రం ఆయన వేయించింది కాదు. ఎందుకని నువ్వు ఊహించొద్దు, ఆయన్ని తిట్టనూ వద్దు, వెనకేసుకు రానూ వద్దు. ఆ మూడు సంవత్సరాలు పక్కపక్కన రాసి ఊరుకో. చదివేవాళ్ళకి బుర్ర ఉంటుంది.

పుస్తకం ఎప్పుడు వెయ్యాలి, ముందుమాట ఎవరితో రాయించుకోవాలి అని అడిగావు. ముందుమాటల సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలెయ్. నువ్వు కారులో వెళ్ళేంత దూరంలోనే ఉన్నావు కాబట్టి సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళు. అప్పుడు స్నేక్‌రూట్ పూత మీద ఉంటుంది. ఎంత ఎత్తు పెరుగుతుందో, నీడలో ఎక్కడెక్కడ ఉందో చూసి రాసుకో. స్పారో దంపతుల్ని మొదటి పేజీలోకి తీసుకురా. కొత్త ప్రతి ఫోన్‌కి పంపకు, నా కళ్ళకి ఆ అక్షరాలు ఆనవు. ప్రింట్ తీసి పోస్టులో పంపు, పక్కన రాసుకోవడానికి చోటు వదులు.