టెక్ సందేహాలు: సైబర్ పాలసీ కంటే ముందు ఆ పెన్‌డ్రైవ్ సంగతి చూడండి

ప్రశ్న: విజయవాడలో మాకు మందుల హోల్‌సేల్ షాపు ఉంది. బిల్లింగు, లెక్కలు అన్నీ ఒకే కంప్యూటర్లో, టాలీలో ఉన్నాయి. బ్యాకప్ తీసే పెన్‌డ్రైవ్ ఎప్పుడూ దానికే పెట్టి ఉంటుంది. పక్క షాపులో ఫైళ్లన్నీ లాక్ అయి, డబ్బు కట్టమని మెసేజ్ వచ్చింది. బీమా ఏజెంటు, ఇలాంటి నష్టాలకు సైబర్ పాలసీ తీసుకోమంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: తీసుకోండి, కానీ ముందు ఆ పెన్‌డ్రైవ్ పీకేయండి. పక్క షాపులోలా ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవుల్లోని ఫైళ్లనూ లాక్ చేస్తుంది. రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులు కొనండి. రోజు విడిచి రోజు మార్చి వాడుతూ, ఒకటి ఇంట్లో ఉంచండి. నెలకోసారి వేరే కంప్యూటర్లో తెరిచి నిన్నటి బిల్లు కనిపిస్తోందేమో చూసుకోండి. ఏ షాపు మీకు ఎంత బాకీ ఉందో ఆ ఫైళ్లలోనే కదా ఉంది! పైగా వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది.

విండోస్ అప్‌డేట్లు వాయిదా వేయకండి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లనూ తాకింది. అది దూరే లోపాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. మీది విండోస్ 10 అయితే, దాని సాధారణ మద్దతు, అంటే ఈ అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. టాలీ సర్వీసు చేసే కుర్రాడు దూరం నుంచే మీ కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ లాంటిది పెట్టి, అడగకుండానే లోపలికి వచ్చేలా పాస్‌వర్డ్ పెట్టి వెళ్తాడు. తలుపు తాళం ఇంకొకరి దగ్గర వదిలేసినట్టే. ఈరోజే తీయించండి, పని ఉన్నప్పుడు మాత్రమే ఇవ్వండి.

ఇక పాలసీ. ప్రపోజల్ ఫారంలో బ్యాకప్ విడిగా ఉంచుతున్నారా, ఈమెయిల్‌కు రెండంచెల లాగిన్ ఉందా అని అడుగుతారు. ఏజెంటు అన్నిటికీ ‘అవును’ అని టిక్కు పెట్టేస్తే ఒప్పుకోకండి. అబద్ధమని తేలితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు, సంతకం మీదే. వ్యాపారం ఆగిన నష్టానికి ఎన్ని గంటల తర్వాత పరిహారం మొదలవుతుందో, మీ చేతి నుంచి ఎంత పోతుందో రాతపూర్వకంగా అడగండి. ఫైర్ పాలసీ ఉంది కదా అనుకోవద్దు, డేటా నష్టం సాధారణంగా అందులోకి రాదు.

ప్రశ్న: సప్లయరు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే డబ్బు పంపేశాం. తను పంపలేదంటున్నాడు. బీమా వస్తుందా?

జవాబు: ముందు 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే చెబితే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి, ఆ ఫిర్యాదు నంబరు బీమా కంపెనీకీ కావాలి. మోసపోయి మనమే పంపిన డబ్బుకు చాలా పాలసీల్లో విడిగా తక్కువ పరిమితి ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. ఇకపై ఖాతా మారిందంటే, మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాకుండా మీ దగ్గరున్న పాత నంబరుకు ఫోన్ చేసి, సప్లయరు గొంతు విన్నాకే పంపండి.