మూర మీద బెత్తెడు

సందేహం: బైబిల్లోని యెహెజ్కేలు గ్రంథం 40వ అధ్యాయంలో మందిరాన్ని కొలిచే కర్ర గురించి ‘ప్రతి మూర మూరెడు బెత్తెడు నిడివిగలది’ అని ఉంది. మూర అంటే మూరెడే కదా, పైన బెత్తెడు ఎలా కలిసింది? బెత్తెడు, జానెడు ఒకటేనా? ఆరు మూరల కర్రను బారన్నర అనవచ్చా? ఆ కట్టడాన్ని మందిరం అనాలా, ఆలయం అనాలా?

సమాధానం: మీరు తప్పు పట్టబోయిన వాక్యం మంచి తెలుగు వాక్యం. చిక్కంతా ‘ఎడు’ దగ్గరుంది. మూర కొలతకు పేరు. మూరెడు ఆ కొలతకు సరిపడే పొడవు. కుంచం పాత్ర, కుంచెడు అందులో పట్టే గింజలు. పుట్టి నుంచి పుట్టెడు, గంప నుంచి గంపెడు, కడవ నుంచి కడివెడు, దోసిలి నుంచి దోసెడు పుట్టాయి. చేతికో, పాత్రకో ‘ఎడు’ చేరితే అది పట్టినంత, అది సాగినంత అని అర్థం. తమాషా ఏమిటంటే అడుగుకు ఇది చేరదు. ‘అడుగెడు’ అని ఎవరూ అనరు. అంగుళానికీ అంతే.

ఇప్పుడు వాక్యం చదవండి. మొదటి మూర ఆ కర్ర మీది కొలమానం. మూరెడు మన చేతి మూర పొడవు. అంటే మందిరపు మూర ఒక్కొక్కటి మన మూరకు బెత్తెడు ఎక్కువ. మూలమైన హీబ్రూలో కూడా ‘ఒక మూర, ఒక బెత్త చొప్పున’ అనే ఉంది. ఆ రెంటినీ ‘మరియు’ లాంటి కలిపే మాట లేకుండా ‘మూరెడు బెత్తెడు’ అని పక్కపక్కన నిలిపిన అనువాదకుడికి భాష తెలుసు. ‘మానెడు సోలెడు బియ్యం’ అన్నప్పుడు కూడిక మనకు చెప్పకనే తెలియడం లేదూ?

‘ఎడు’లో ఒకటి అనే సంఖ్య ఇమిడే ఉంటుంది. అందుకే ‘ఒక మూరెడు’ అనడం పునరుక్తి. వాడుకలో పాతుకుంది కాబట్టి దానితో తగాదా పెట్టుకోను. ‘రెండు మూరెడ్లు’, ‘అయిదు జానెడుల తాడు’ మాత్రం సహించరానివి. రెండు మూరలు, అయిదు జానల తాడు అనాలి. తలా ఒక మూర అని చెప్పాలంటే మూరెడేసి అన్న చక్కని మాట ఉండనే ఉంది. ‘మూడు గుప్పెళ్లు’ సంగతేమిటని అడగవచ్చు. అది గుప్పిలికి బహువచనమైన గుప్పిళ్లు, గుప్పెడు ప్రభావంతో మారిన రూపం కావచ్చు. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు.

మూర మాట పుట్టుక కూడా చూడండి. తమిళంలో ముళం, కన్నడంలో మొళ. తమిళంలోనే ముళంగై అంటే మోచేయి, ముళంగాల్ అంటే మోకాలు. మన మోచేయి, మోకాలు మాటల్లోని ‘మో’ కూడా ఆ కుదురుదేనని నా నమ్మకం. హీబ్రూలో మూరకు ‘అమ్మా’ అని పేరు, అదీ ముంజేతి పేరే. దానికి చుట్టమైన ప్రాచీన అక్కాదీ భాషలో అమ్మతు. ఆ మాట వినగానే మన అమ్మతో చుట్టరికం కలిపేవారున్నారు. ధ్వని కలిసినంత మాత్రాన పుట్టుక కలవదు, దయచేసి ఆ పని చేయకండి.

బెత్తెడు, జానెడు ఒకటి కావు. బొటనవేలు వదిలి నాలుగు వేళ్లు జత చేస్తే బెత్త, నాలుగంగుళాలు (ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు, ఇంచీ కాదు). అరచేయి చాచితే బొటనవేలి కొన నుంచి చిటికెనవేలి కొనదాకా జాన, పన్నెండంగుళాలు. రెండు జానలు మూర. బెత్తెడంచు చీరకూ జానెడంచు చీరకూ తేడా నేతగాడికి బాగా తెలుసు, రాసేవారికే తెలియడం లేదు. యెహెజ్కేలు 43:13లో బలిపీఠం కొలతల్లో రెండూ ఒకే వచనంలో వస్తాయి: మూర మీద పెరిగింది బెత్తెడు, పీఠం అంచు జానెడు. రెంటినీ ఒకటి చేస్తే 28 అంగుళాల మూర 36కు పెరిగి, కొలతలన్నీ చెడతాయి.

ఇక బారన్నర. చేతులు చాచినంత పొడవు బార, నాలుగు మూరలు. ఆరు మూరలు బారన్నర అన్న లెక్క మామూలు మూరకు సరిగ్గా సరిపోతుంది: 144 అంగుళాలు. ఈ కర్ర మూర 28 అంగుళాలు కాబట్టి ఆరింటికి 168, అంటే సరిగ్గా ఏడు మామూలు మూరలు. రెండు బారలకు మూరెడు తక్కువ. బారను కూడా మందిరపు మూరతోనే కట్టుకుంటే బారన్నర చెల్లుతుంది. అలా అనుకున్నట్టు చెప్పకపోతే మూరెడు జారిపోతుంది. కాబట్టి తప్పనను, ‘ఆరు మూరల కర్ర’ అనడమే మేలంటాను.

మందిరమన్నా ఆలయమన్నా ఇల్లే. హీబ్రూలో మొత్తం కట్టడానికి ‘ఇల్లు’ అన్న మాట, 40 మూరల పొడవు 20 మూరల వెడల్పు గల పెద్ద గదికి వేరే మాట ఉన్నాయి. మొదటిదానికి మందిరం, రెండోదానికి ఆలయం అని ఉంచుకుంటే గందరగోళం ఉండదు.

మూరకూ కర్రకూ తేడా మరిచిపోతే ఏమవుతుందో 42వ అధ్యాయం చూపుతుంది. చుట్టు ప్రాకారం ఒక్కో వైపు హీబ్రూ ప్రతిలో 500 కర్రలు, ప్రాచీన గ్రీకు అనువాదంలో 500 మూరలు. మామూలు మూరకు 18 ఇంచీలు వేసుకుంటే మందిరపు మూర 21 ఇంచీలు. 500 మూరలంటే 875 అడుగులు. 500 కర్రలంటే 5,250 అడుగులు, మైలుకు ముప్పై అడుగులే తక్కువ. ఏది నిజం? ప్రవక్త చెప్పిన ఇతర కొలతలనే ఉత్తరం నుంచి దక్షిణానికి కూడి చూడండి. బయటి గుమ్మం 50 మూరలు, ఆవరణ 100, లోపలి గుమ్మం 50, లోపలి ఆవరణ 100, ఆవలి లోపలి గుమ్మం 50, ఆవరణ 100, బయటి గుమ్మం 50. మొత్తం 500 మూరలు. లెక్క మూరల వైపే మొగ్గుతోంది. అయినా హీబ్రూ ప్రతిలో కర్ర అనే ఉంది కాబట్టి, అనువదించేవారు కర్ర అని రాసి కింద ఈ కూడిక చూపడం న్యాయం. రెండింటినీ కలిపి ‘గజాలు’ అని రాసేస్తే మాత్రం ఒప్పుకోను. గజం రెండు మూరలు. ఆ మాట వేస్తే కర్రా పోయింది, మూరా పోయింది, మూర మీది బెత్తెడూ పోయింది.