మొహం కదపకుండా నవ్వించే కామెడీ సినిమాలు కొందరికి పిచ్చిగా నచ్చి, కొందరికి అస్సలు ఎందుకు ఎక్కవు?

అడిగినవారు ప్రశ్న కింద రెండు ముక్కలు రాశారు. వాళ్ళ అన్నయ్య ఇలాంటి సినిమాలు చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతాడట. పక్కనే కూర్చున్న వీరికి ఒక్క చోటా నవ్వు రాదట. "లోపం నాలోనా, సినిమాలోనా?" అని అడిగారు.

నేను మీ పక్షానా ఉన్నాను, మీ అన్నయ్య పక్షానా ఉన్నాను. అదీ ఒకే సినిమా విషయంలో. మొదటిసారి చూసి తిట్టుకున్నాను, మూడేళ్ళ తర్వాత చూసి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. మధ్యలో సినిమా ఏమీ మారలేదు. కాబట్టి ఆ సినిమా పట్టుకునే చెబుతాను.

2005లో నేను టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగు కుర్రాళ్ళం. అప్పట్లో నెట్‌ఫ్లిక్స్ అంటే ఎర్ర కవర్లో పోస్టులో వచ్చే డీవీడీ. నలుగురికీ కలిపి ఒకటే అకౌంటు, వారానికొకరు చొప్పున సినిమా ఎంచుకోవడం. నా వంతు వచ్చినప్పుడు, క్లాసులో ఒక అమెరికన్ కుర్రాడు తెగ పొగిడాడు కదా అని 'నెపోలియన్ డైనమైట్' తెప్పించాను. పేరు చూసి మావాళ్ళు యాక్షన్ సినిమా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

డైనమైటూ లేదు, చక్రవర్తి నెపోలియనూ లేడు. ఐడహో రాష్ట్రంలో ప్రెస్టన్ అనే చిన్న ఊరు. ఉంగరాల జుట్టు, సగం మూసిన కళ్ళు, సగం తెరిచిన నోరుతో ఒక హైస్కూలు కుర్రాడు, వాడి పేరే నెపోలియన్ డైనమైట్. 32 ఏళ్ళొచ్చినా ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో చాటింగ్ చేసుకునే అన్న. ఒక బామ్మ. పెరట్లో టీనా అనే లామా, అంటే మూపురం లేని ఒంటెలాంటి జంతువు. స్కూల్లో కొత్తగా చేరిన పెడ్రో అనే స్నేహితుడు విద్యార్థి ఎన్నికల్లో నిలబడతాడు. కథంతా ఇదే. ఎవరూ నవ్వరు, ఎవరూ ఏడవరు. ఒక డైలాగ్ చెప్పాక కెమెరా ఇంకో రెండు సెకన్లు అక్కడే ఉండిపోతుంది, తర్వాత ఏం మాట్లాడాలో మర్చిపోయినట్టు.

ఇరవై నిమిషాలకి ఒకడు లేచి వెళ్ళి పప్పు కుక్కర్ పెట్టాడు. ఇంకొకడు లాప్‌టాప్ తెరిచాడు. మూడోవాడు, గుంటూరువాడు, చివరిదాకా కదలకుండా చూసి, పేర్లు పడుతుంటే చాలా ప్రశాంతంగా నావైపు తిరిగి "మామా, నా ఆదివారం నాకిచ్చెయ్" అన్నాడు. మిగతావాళ్ళ తీర్పు ఒకటే మాట: సుత్తి. 1982లో జంధ్యాల గారి 'నాలుగు స్తంభాలాట' ఊరూరా పాకించిన ఆ మాట ఇలాంటి సందర్భం కోసమే పుట్టిందేమో. తల మీద ఎవరో నెమ్మదిగా, ఒకే వేగంతో కొడుతున్నట్టుంటుంది. ఆ రోజు నాకూ అలాగే ఉంది. పైగా సినిమా తెప్పించిన పాపం నాది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ నొప్పి.

ఆ మరుసటి ఏడాది అక్టోబర్లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది. ఎవరికి ఏ సినిమా ఎంత నచ్చుతుందో తమ పద్ధతి కన్నా 10 శాతం మెరుగ్గా ఊహించగలిగితే 10 లక్షల డాలర్లు. అందుకోసం 17,770 సినిమాలకి దాదాపు 4 లక్షల 80 వేల మంది ఇచ్చిన 10 కోట్లకు పైగా రేటింగులు బయటపెట్టారు. మేం నలుగురం దాన్నే క్లాస్ ప్రాజెక్టుగా ఎత్తుకున్నాం. మా లెక్క నెట్‌ఫ్లిక్స్ సొంత లెక్క కన్నా అధ్వాన్నంగా వచ్చింది, ఆ సంగతి వదిలేద్దాం. తమాషా ఏమిటంటే, మాకన్నా ఎన్నో రెట్లు తెలివైన జట్లన్నీ కూడా సరిగ్గా మా 'ఒంటె సినిమా' దగ్గరే బోల్తా పడ్డాయి. ఒక పోటీదారుడైతే తన లెక్కలో ఇంకా మిగిలి ఉన్న తప్పులో 15 శాతం ఈ ఒక్క సినిమా వల్లే అని చెప్పాడు. మిగతా సినిమాలతో పోలిస్తే దీనికి ఒక స్టార్ ఇచ్చేవాళ్ళూ ఐదు స్టార్లు ఇచ్చేవాళ్ళూ మరీ ఎక్కువ. ఎవరు ఎటు వెళ్తారో వాళ్ళకి నచ్చిన వేరే సినిమాల జాబితా చూసి చెప్పలేకపోయారు. 'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' లాంటివి కూడా ఇలాగే ఇబ్బంది పెట్టాయి. 2009లో ఎవరో గెలిచి బహుమతి పట్టుకెళ్ళారు. ఈ సినిమా చిక్కు మాత్రం అప్పటికే ఒక సామెతలా తయారైంది.

కాబట్టి మీకు నవ్వు రాకపోవడం చాలామంది పెద్ద పెద్ద గణిత పండితులకి అంతుపట్టని సమస్య. అంత తేలిగ్గా లోపం అనేయకండి.

ఇప్పుడు అసలు సంగతి. 2008 వేసవిలో అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చారు. అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను. మాది అనపర్తి దగ్గర పల్లెటూరు. నాన్న చాలా ఏళ్ళు ఒక కోళ్ళఫారంలో లెక్కలు రాశారు, ఇంట్లో రెండు గేదెలుండేవి. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది కానీ అమెరికా వాళ్ళు మాట్లాడితే ఆయనకి నాలుగో వంతు పట్టుబడుతుంది. ఒక శనివారం మధ్యాహ్నం టీవీలో ఈ సినిమా వస్తుంటే ఛానల్ మార్చబోయాను. "ఉంచరా, ఆ జంతువేంటి?" అన్నారు.

ఆ కుర్రాడు కంచె అవతలికి తిండి విసిరి, టీనాని తినమని తిడుతుంటాడు. అది కదలదు, వాడివైపు చూడనైనా చూడదు. నాన్న నవ్వడం మొదలుపెట్టారు. మా ఇంట్లో ఒక గేదె ఉండేది. అమ్మ చేత్తో కుడితి పెడితేనే తాగేది, నాన్న పెడితే మొహం తిప్పుకునేది. ఆయన దానితో రోజూ అచ్చం ఇలాగే పోట్లాడేవారు. నాకు ఆ గేదె గుర్తొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు అది తెరమీద ఉందనే తోచలేదు.

తర్వాత కోళ్ళఫారం సీను. పిల్లలు కోళ్ళని మోయడానికి కూలికి వెళ్తారు. కోళ్ళకి గోళ్ళు పెద్దవిగా ఉంటాయా అని వీడు ఆ ముసలి రైతుని చాలా మర్యాదగా అడుగుతాడు. నువ్వన్నది ఒక్క ముక్కా అర్థం కాలేదంటాడు ఆయన. మధ్యాహ్నం వాళ్ళకి పెట్టేది కోడిగుడ్ల శాండ్‌విచ్‌లు, తాగడానికి ఇచ్చేదాంట్లోనూ పచ్చి గుడ్డు. కూలి గంటకి ఒక డాలర్. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఫారంలో పనిచేసేవాడికి పెట్టేది గుడ్లే కదరా, ఇంకేం పెడతారు" అన్నారు.

ఇంకా ముందుకెళ్తే, స్కూలు పిల్లలకి పాల రుచి చూసి లోపం చెప్పే పోటీ. వీడు ఒక గ్లాసు చప్పరించి, ఈ ఆవు ఉల్లితోటలో పడి మేసినట్టుంది అంటాడు. న్యాయనిర్ణేత నిజమేనంటాడు. మా రూమ్‌లో ఆ సీన్ చూసి "ఏం రాశాడ్రా బాబూ" అని తల కొట్టుకున్నారు. నాన్న మాత్రం నవ్వలేదు సరికదా, గంభీరంగా తల ఊపారు: "అవును, ఉల్లికాడలు మేస్తే పాలకి వాసనొస్తుంది." పాల పోటీ గెలిచిన కుర్రాడూ, ఒప్పుకుంటున్న మా నాన్నా, ఇద్దరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. అప్పుడు పగలబడ్డాను నేను. నాన్న ఎందుకు నవ్వుతున్నావని అడిగారు. చెప్పలేకపోయాను.

నాకు అప్పుడు తట్టింది ఇది. మన మామూలు కామెడీ సీను ఎక్కడ నవ్వాలో ముందే చెప్పేస్తుంది. వెనకాల ఒక వాయిద్యం కుయ్యిమంటుంది, కమెడియన్ మొహం మీదికి కెమెరా దూసుకెళ్తుంది, పక్కవాడు తెల్లమొహం వేస్తాడు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. బ్రహ్మానందం గారి ఒక్క క్లోజప్ చాలు, హాలు మొత్తం ఒకేసారి నవ్వుతుంది. అలా వెయ్యిమందిని ఒకే క్షణంలో నవ్వించడం చిన్న విద్య కాదు. మొహం కదపని కామెడీలో ఆ సైగలేవీ ఉండవు. పాత్రకి తను నవ్వు పుట్టిస్తున్నానని తెలియదు, దర్శకుడు తెలిసినా చెప్పడు. ఇది పిలవని పేరంటం లాంటిది. వెళ్ళాలా వద్దా అనేది మనమే తేల్చుకోవాలి. లోపల మనకి తెలిసినవాళ్ళు ఎవరైనా కనిపిస్తే చనువుగా వెళ్ళిపోతాం, లేకపోతే గుమ్మం దగ్గరే నిలబడి, నన్నెందుకు పట్టించుకోవడం లేదని ఉడుక్కుంటాం. నాన్నకి లోపల కోళ్ళూ పాలూ కనిపించాయి. అదే సినిమాలో హైస్కూలు డాన్సు పార్టీ సీన్లు వచ్చినప్పుడు ఆయన ఒక్కసారీ నవ్వలేదు. అమెరికన్లందరూ చెప్పుకునే ఆ చివరి స్టేజీ డాన్సు వస్తుంటే మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళారు.

ఈ విద్య కొత్తదేం కాదు. మూకీల కాలంలో బస్టర్ కీటన్‌ని రాతిమొహం అనే పిలిచేవారు. చిన్నప్పుడు తల్లిదండ్రుల స్టేజి షోల్లో తండ్రి అతన్ని అటూ ఇటూ విసిరేస్తుండేవాడు. అలా పడినప్పుడు తను నవ్వితే జనం నవ్వడం లేదని, మొహం బిగించుకుంటేనే నవ్వుతున్నారని అతను ఆ వయసులోనే గమనించాడు. అదే జీవితాంతం పట్టుకున్నాడు. అయినా అతని 'ది జనరల్' విడుదలైనప్పుడు సరిగ్గా ఆడలేదు. ఇప్పుడు గొప్ప మూకీల పేర్లు చెప్పేవాళ్ళెవరూ దాన్ని వదలరు.

పక్కన ఎవరున్నారన్నది కూడా సగం తేలుస్తుంది. 2021లో 'జాతి రత్నాలు' కాకినాడలో ఫస్ట్ షోకి వెళ్ళాను. కోర్టు సీన్లో డైలాగులు సగం వినపడలేదు, హాలంతా అంత గోల. తర్వాత అదే సినిమా ఓటీటీలో మా అత్తగారితో కలిసి చూశాను. ముగ్గురు హీరోలూ ఎంత తెలివితక్కువ మాటైనా పూర్తి నమ్మకంతో చెప్తుంటారు కదా. ఆవిడ పావుగంట ఓపికపట్టి, "వీళ్ళు నిజంగానే ఇంత అమాయకులా, నటిస్తున్నారా బాబూ?" అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అది తేలకుండా ఉండటమే ఆ తరహా కామెడీకి ప్రాణం. తేలకపోతే చిరాకు పడేవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ తప్పేం లేదు. హాల్లో అయితే వెనక వరసలో ఎవడో మొదట నవ్వి ఆ సైగ ఇచ్చేస్తాడు. ఇంట్లో ఆ పని ఎవరూ చేయరు.

మీలాంటి వాళ్ళ తరఫున కూడా ఒక మాట. ఈ తరహాలో దొంగ సరుకు చాలా ఉంది. హీరోకి వింత పేరు, వింత స్వెటరు, అందరూ నడిమధ్య నిలబడి కెమెరా వైపు చూస్తూ ఉత్తి మాటలు మాట్లాడటం. మొహం కదపకపోతే చాలు, జోక్ రాయక్కర్లేదు అనుకునే దర్శకులున్నారు. ఇంకో ఫిర్యాదు దీనికన్నా గట్టిది. ఈ సినిమాలు పల్లెటూరి వాళ్ళనీ, లోకం తెలియనివాళ్ళనీ పై నుంచి చూసి నవ్వుతున్నాయని. 'నెపోలియన్ డైనమైట్' మీద కూడా కొందరు ఆ మాట అన్నారు. పేరున్న అమెరికన్ సినీ విమర్శకుడు రోజర్ ఎబర్ట్ నాలుగుకి ఒకటిన్నర స్టార్లే ఇచ్చాడు. నేను ఒప్పుకోను. దర్శకుడు జారెడ్ హెస్ పెరిగింది ఆ ప్రెస్టన్‌లోనే, తీసిందీ అక్కడే. పాల పోటీని ఎగతాళి చేసేవాడు ఉల్లికాడల సంగతి తెలుసుకుని రాయడు. 4 లక్షల డాలర్లతో తీసిన సినిమా 4 కోట్లు దాటి వసూలు చేసింది. 2005లో ఐడహో శాసనసభ దాన్ని మెచ్చుకుంటూ ఏకంగా తీర్మానం చేసింది. అందులో సినిమా డైలాగు కూడా పెట్టారు, వ్యతిరేకంగా ఓటేసేవాళ్ళని తిడుతూ. ఎగతాళి చేశాడని అనిపించి ఉంటే ఆ ఊరివాళ్ళు ముందు తన్నేవాళ్ళు.

మీరు అన్నయ్యతో కలిసి చూడటం మానేయమని నా సలహా. పక్కన ఒకరు విరగబడి నవ్వుతుంటే మనకి నవ్వు రాకపోగా, పరీక్ష హాల్లో కూర్చున్న టెన్షన్ వస్తుంది. ఇంకా ఘోరం, "అక్కడ చూడు, అర్థమైందా?" అని వివరించేవాళ్ళు. ఒంటరిగా, అన్నం తింటూ, ఏమీ ఆశించకుండా ఒక అరగంట చూడండి. మీకు తెలిసిన మనిషి ఒక్కరైనా కనిపిస్తే కొనసాగించండి. కనిపించకపోతే ఆపేయండి, అన్నయ్యకి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఈ జవాబు రాసేముందు గుంటూరు వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు డాలస్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు. మళ్ళీ ఎప్పుడైనా చూశావా, ఇప్పుడేమైనా నచ్చిందా అని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత ఆ రోజు గొంతుతోనే అన్నాడు: "ఆదివారం సంగతి ఏం చేశావ్ మామా?"