సమాధానం: ఫిలిప్పీన్స్‌లో మిషన్ సేవలో ఉన్న తమ్ముడి బెంగ

నమస్కారమండీ. లేటర్-డే సెయింట్స్ (మోర్మన్) చర్చి తరఫున మిషన్‌కు, అంటే మత ప్రచార సేవకు, ఫిలిప్పీన్స్ చేరిన మీ తమ్ముడు వారానికోసారి వీడియో కాల్‌లో ఏడుస్తున్నాడని, అతన్ని వెనక్కి పిలిపించాలా అని అడిగారు. తొందరపడి పిలిపించకండి, అలాగని అతని బాధను తేలికగానూ తీసుకోకండి.

2019 ఫిబ్రవరికి ముందు ఈ చర్చి మిషన్‌కు వెళ్లిన యువకులు ఇంటివారితో సాధారణంగా క్రిస్మస్‌కు, మాతృదినోత్సవానికి మాత్రమే ఫోనులో మాట్లాడగలిగేవారు. ఇప్పుడు బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకునే విరామ దినాన ప్రతి వారమూ మాట్లాడవచ్చు. మిగిలిన రోజులలో ఉదయమే లేచి, లేఖన అధ్యయనం, భాషాభ్యాసం ముగించుకుని, రాత్రి వరకు పరిచయం లేని ఇళ్లకు తిరుగుతూ, తాను ఎంచుకోని సహచరునితో నిరంతరం కలిసి ఉండవలసిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి తొలి నెలలలో బెంగ కలగడం ఎంతో సహజం.

కాల్‌లో ఇంటి వేడుకల కంటే అతను కలిసిన మనుషుల గురించి, నేర్చుకుంటున్న భాష గురించి ఎక్కువగా అడగండి. సహచరునితో పొసగకపోతే కొన్ని వారాలకొకసారి జరిగే మార్పులలో వేరొకరు రావచ్చు. నిద్ర, ఆకలి తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా అక్కడి మిషనరీల బాధ్యత చూసే మిషన్ అధ్యక్షునికి చెప్పమనండి; కౌన్సెలింగ్ ఏర్పాటు చేయించడం ఆయన బాధ్యతలలో ఉంది. అప్పటికీ కుదుటపడక తిరిగి వస్తే, సంఘంలో ఎవరేమన్నా, మీరు మాత్రం అతన్ని గౌరవంగా ఇంట్లోకి ఆహ్వానించండి.