మజిల్‌లోడర్‌తో జింక వేట: మూడో పెల్లెట్ వద్దు, గుండు బిగువు చూసుకోండి

మీ ప్రశ్న ఇది: పెన్సిల్వేనియాలో ఉంటున్నారు, .50 క్యాలిబర్ ఇన్‌లైన్ మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకి; ఇన్‌లైన్ అంటే నిప్పు నేరుగా మందు వెనక నుంచే అందే ఆధునిక రకం) కొన్నారు, షాపులో మూడు పెల్లెట్లు (బిళ్లలుగా నొక్కిన తుపాకి మందు, మొత్తం 150 గ్రెయిన్లు) వేయమన్నారు, ఏ బుల్లెట్ వాడాలి?

మూడు వద్దండీ, రెండు చాలు. అసలు పెల్లెట్లు పక్కన పెట్టి పొడి మందు కొలిచి పోసుకుంటే ఇంకా మేలు. 24 నుంచి 26 అంగుళాల బ్యారెల్‌లో మూడో పెల్లెట్ వల్ల పెరిగే వేగం కొంచెమే. భుజానికి దెబ్బ, పొగ, బ్యారెల్‌లో మసి మాత్రం బాగా పెరుగుతాయి. డబ్బాల మీద పెద్ద అక్షరాలతో వేసే వేగాల అంకెలు చూసి జనం మోసపోతున్నారు. అడవిలో వైట్‌టెయిల్ జింకని కొట్టేది ఎక్కువగా 100 గజాల లోపే. 100 గ్రెయిన్ల మందుతో 250 గ్రెయిన్ల సేబో గుండుకి (ప్లాస్టిక్ తొడుగులో కూర్చున్న గుండు) 100 గజాల దగ్గర గురి సరిచేసుకుంటే, 150 గజాల దగ్గర అయిదారు అంగుళాలు కిందికి దిగుతుంది. మూడో పెల్లెట్ తగ్గించేది అందులో ఒకటి రెండు అంగుళాలు.

పొడి మందు అయితే 80 గ్రెయిన్లతో మొదలుపెట్టండి. మూడు గుళ్లు కాల్చి గుంపు (లక్ష్యం మీద చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో) చూడండి, అయిదేసి గ్రెయిన్లు పెంచుకుంటూ పోండి. 90 నుంచి 110 మధ్య ఎక్కడో గుంపు దగ్గరపడుతుంది, ఆ తర్వాత మళ్లీ విచ్చుకుంటుంది. దగ్గరపడిన చోట ఆగిపోండి. ఎంత పెంచినా తుపాకి మాన్యువల్‌లో రాసిన గరిష్ఠం దాటకూడదు. పెల్లెట్‌తో ఈ వెసులుబాటు లేదు, ఒక్కో మెట్టూ ఎక్కువగా 50 గ్రెయిన్లు.

ఇక్కడ ప్రాణాల మీదికి తెచ్చే సంగతి ఒకటుంది. మందుకి చెప్పిన ఈ గ్రెయిన్లన్నీ కొలపాత్రతో కొలిచే ఘనపరిమాణం, త్రాసు మీది బరువు కాదు (గుండుకి చెప్పేవి మాత్రం బరువే). బ్లాక్ పౌడర్‌కి (పాతకాలపు నల్ల మందు) బదులు వాడే బ్లాక్‌హార్న్ 209లో కొలపాత్రతో 100 అంటే బరువులో సుమారు 70 మాత్రమే. త్రాసు మీద 100 తూచి పోస్తే మోతాదు మించిపోతుంది. అలాంటిదే ఇంకో మందు ట్రిపుల్ సెవెన్ అసలు బ్లాక్ పౌడర్ కంటే దాదాపు 15 శాతం బలమైనది, కాబట్టి బ్లాక్ పౌడర్ 100 అన్నచోట ఇది 85 పోయాలి. మామూలు తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ పౌడర్ చిటికెడు కూడా కలపకండి, బ్యారెల్ పేలిపోతుంది. డబ్బా నుంచి నేరుగా బ్యారెల్‌లోకి పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా చేతిలోనే అంటుకుంటుంది.

గుండు సంగతికొస్తే, మీ ఇన్‌లైన్‌ బ్యారెల్ లోపల గుండుని తిప్పే మెలి గాడి 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగి ఉంటే (చాలావాటికి అంతే) .452 అంగుళాల గుండు ఉన్న సేబో వాడండి. 250 గ్రెయిన్ల పాలిమర్ మొన గుండ్లు, ఉదాహరణకి హోర్నడీ ఎస్‌ఎస్‌టీ, జింకకి సరిగ్గా సరిపోతాయి. మాంసంలో సీసం తునకలు వద్దనుకుంటే పూర్తి రాగివి, బార్న్స్ టీ-ఈజెడ్ 250 లేదా 290 తీసుకోండి. రాగి గుండు విరగదు, అవతలివైపు బయటికి వస్తుంది. ఆ రెండో రంధ్రం చాలా ముఖ్యం. చలి ఉదయం గాలి లేనప్పుడు పొగ మీ ముందే తెరలా నిలబడిపోతుంది, జింక ఎటు పరుగెత్తిందో కనపడదు, నెత్తుటి జాడే దారి చూపాలి. ఎక్కువ మందుతో మెత్తటి సీసపు గుండుని 30 గజాల నుంచి భుజం ఎముక మీద కొడితే అక్కడే చితికిపోయి ముందుకాలు మాంసమంతా పాడవుతుంది. మూడు పెల్లెట్లు వద్దనడానికి ఇది రెండో కారణం.

బ్రాండ్ కంటే బిగువు ముఖ్యం. సేబోని బొటనవేలితో తోస్తేనే దిగిపోతే అది వదులు. తుపాకిని తలకిందులుగా భుజానికి వేసుకుని నడిచేటప్పుడు గుండు మందు నుంచి ముందుకి జారుతుంది. ఆ ఖాళీతో కాలిస్తే బ్యారెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. మొదటిసారి సరిగ్గా దిగినప్పుడు ర్యామ్‌రాడ్ (గుండుని లోపలికి నెట్టే కడ్డీ) మీద మూతి దగ్గర గీత పెట్టుకోండి. గీత పైకి కనిపిస్తే గుండు మందు మీద కూర్చోలేదన్నమాట. పొరపాటున రెండుసార్లు దట్టించినా అదే గీత చెప్పేస్తుంది. ట్రిపుల్ సెవెన్‌తో ఒక గుండు కాల్చాక రెండోది దింపుతుంటే, అడుగుకి కాస్త పైన రాడ్ గరుకుగా ఆగుతుంది, బలంగా నెడితే కర్‌మంటుంది. అది గట్టిపడిన మసి ఉంగరం. చాలామంది దాన్నే అడుగనుకుని ఆపేస్తారు. ప్రతి గుండుకీ మధ్య తడి గుడ్డ ఒకటి, పొడి గుడ్డ ఒకటి తిప్పితే ఆ తలనొప్పి ఉండదు. బ్యారెల్ కూడా చల్లారనివ్వండి, వేడికి సేబో ప్లాస్టిక్ మెత్తబడి గుంపు చెదిరిపోతుంది.

ఇంకో మాట. పెన్సిల్వేనియాలో అక్టోబర్ మజిల్‌లోడర్ వారంలో మీ ఇన్‌లైన్ చెల్లుతుంది గానీ, క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే సీజన్ ఫ్లింట్‌లాక్‌కి (చెకుముకి రాయి నిప్పుతో పేలే పాతరకం మజిల్‌లోడర్) మాత్రమే. షాపువాళ్లు ఈ ముక్క చెప్పకుండా అమ్మేస్తారు, కొన్నవాళ్లు డిసెంబరులో లబోదిబోమంటారు. కొలరాడో వెళ్తే అక్కడి మజిల్‌లోడర్ సీజన్‌లో సేబో, పెల్లెట్లు, స్కోప్ మూడూ నిషేధం. .50 ఫ్లింట్‌లాక్ కొంటే .490 అంగుళాల గుండ్రటి సీసపు గుండు, దాని చుట్టూ వేసే .015 అంగుళాల మందం గుడ్డ ప్యాచ్, 70 నుంచి 90 గ్రెయిన్ల ఎఫ్ఎఫ్‌జీ (రవ్వ సైజు పేరు) బ్లాక్ పౌడర్. గాడి చుట్టు 60 అంగుళాల పైన ఉన్న బ్యారెల్ దీనికి శ్రేష్ఠం, 48 అయినా నడుస్తుంది. గుండ్రటి గుండు గాలిలో తొందరగా వేగం కోల్పోతుంది, కాబట్టి మందు పెంచినా 100 గజాల దగ్గర ఒరిగేది తక్కువ. కాల్చాక ముందుకి నడిచి ఆ గుడ్డ ప్యాచ్ వెతికి చూడండి. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పలచన లేదా మందు ఎక్కువ. అంచులు కోసినట్టు చిరిగితే గాడి అంచులో పదును ఉంది. చుట్టూ మసిబారి నిండుగా ఉంటే మీ లెక్క కుదిరినట్టే.

ఇన్‌లైన్ పేలకపోవడానికి కారణం చాలాసార్లు మందు కాదు, బ్రీచ్ ప్లగ్‌లో (బ్యారెల్ వెనక వైపు మూసే బిరడా) మిగిలిన నూనె. దట్టించే ముందు ఖాళీ తుపాకి మీద రెండు ప్రైమర్లు (మందుని అంటించే చిన్న టోపీలు) కాల్చి ఆరబెట్టండి. బ్లాక్‌హార్న్ వాడేవాళ్లు 209 షాట్‌గన్ ప్రైమరే వాడాలి, ప్లగ్ నిప్పుదారిలో పేరుకున్న మసిని చేత్తో డ్రిల్ బిట్ తిప్పి గీకేయాలి. క్లిక్‌మని పేలకపోతే కనీసం ఒక నిమిషం మూతిని లక్ష్యం వైపే ఉంచండి. రాత్రి ప్రైమర్ తీసేసి, మీ రాష్ట్ర నిబంధన ఒప్పుకుంటే తుపాకిని తాళం వేసిన చల్లటి గ్యారేజీలోనే ఉంచండి. వెచ్చటి ఇంట్లోకి తెస్తే లోపల చెమ్మ పట్టి పొద్దున మందు అంటుకోదు.